వైఫై నుంచి మొబైల్ డేటాకు మారేటప్పుడు కాల్ తెగుతుంది, వీడియో మాత్రం తెగదు. ఎందుకు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: లోపల వైఫై మీద ఇంటర్నెట్ కాల్ మాట్లాడుతూ మెట్లు దిగి బయటికి నడుస్తారు. గేటు దాటే సమయానికి అవతలి గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది, 'రీకనెక్టింగ్' అని పడుతుంది, పది పదిహేను సెకన్లకు కాల్ కట్ అవుతుంది. అదే దారిలో వీడియో చూస్తూ వెళ్తే ఏమీ కాదు. ఫోన్ కొత్తది, రూటర్ మంచిది, బయట మొబైల్ సిగ్నల్ నిండుగా ఉంది. మరి తప్పు ఎవరిది, ఏం చేయాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. నెట్‌వర్క్ మారడం వల్ల కాదు మీ కాల్ పాడవుతున్నది, సమయానికి మారకపోవడం వల్ల. కొన ఊపిరితో ఉన్న వైఫైని ఫోన్ వదలకుండా పట్టుకుని వేలాడుతోంది. వదిలాక కూడా యాప్ కొత్త దారి వెతుక్కోవడానికి ఇంకాస్త టైమ్ తీసుకుంటోంది. కాబట్టి బయటికి వెళ్తానని తెలిస్తే కాల్ కలపకముందే వైఫై ఆపేయండి. కాల్ మధ్యలో లేవాల్సి వస్తే, కుర్చీలోంచి లేచిన చోటే, సిగ్నల్ ఇంకా బాగున్నప్పుడే ఆపేయండి. చాలా యాప్‌లలో ఒకటి రెండు సెకన్లు గొంతు పోయి వస్తుంది, అంతే. గేటు దగ్గర పదిహేను సెకన్ల మౌనం కంటే అది చాలా నయం.

ఐఫోన్‌లో పైనుంచి లాగే కంట్రోల్ సెంటర్‌లో వైఫై బొమ్మ నొక్కితే వైఫై పూర్తిగా ఆగదు, ఉన్న నెట్‌వర్క్ నుంచి మాత్రమే బయటికొస్తుంది. మన అవసరానికి అది చాలు, మరుసటి రోజు దానంతటదే కలుపుకుంటుంది కూడా. ఆండ్రాయిడ్‌లో అయితే తెలిసిన నెట్‌వర్క్ దగ్గరికి రాగానే వైఫై తనంతట తానే ఆన్ అయ్యే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. అది పెట్టుకుంటే మళ్లీ ఆన్ చేయడం మర్చిపోయామన్న గొడవ ఉండదు.

చేయాల్సింది ఇంతే. కారణాలు కూడా కావాలంటే కింద చదవండి, కొంచెం పెద్దగానే ఉంటుంది.

నేను పదకొండేళ్లుగా కాలింగ్ యాప్‌ల టెస్టింగ్‌లో ఉన్నాను. మా పనిలో 'నడక టెస్ట్' అని ఒకటుంది. ఒకరు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, సెకనుకొకటి చొప్పున అంకెలు బిగ్గరగా చదువుతూ, వైఫై ఉన్న గదిలోంచి బయటికి నడుస్తారు. అవతలివాళ్లు ఏ అంకె వినబడలేదో కాగితం మీద రాసుకుంటారు. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది గానీ దీనికి మించిన టెస్ట్ నాకింతవరకు దొరకలేదు. ఒకసారి నేను నడుస్తుంటే అవతల కాగితం మీద 31 తర్వాత నేరుగా 44 పడింది. మధ్యలో పన్నెండు అంకెలు గల్లంతు. ఫోన్‌లో జరిగినదంతా నమోదయ్యే లాగ్ తీసి చూస్తే, అందులో దాదాపు తొమ్మిది సెకన్లు ఫోన్ ఇంకా వైఫై మీదే ఉంది! సిగ్నల్ మైనస్ 84 డీబీఎం చూపిస్తోంది, పంపిన ప్యాకెట్లలో, అంటే డేటా ముక్కల్లో, ఒక్కటీ రూటర్‌కి చేరడం లేదు. నిజంగా మొబైల్ డేటాకు మారడానికి పట్టింది ఒక్క సెకను. మిగతా టైమ్ యాప్ తిన్నది. అప్పటిదాకా మేమందరం 'మారడం స్లో' అనుకుంటూ ఆ ఒక్క సెకనునే తగ్గించాలని తంటాలు పడుతున్నాం.

డీబీఎం లెక్క ఒక్క ముక్కలో చెప్తాను. సున్నాకి ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం. ప్రతి 10 తగ్గుదలకూ బలం పదో వంతు అవుతుంది. కాల్స్ కోసం వైఫై వేసేవాళ్లు సాధారణంగా మైనస్ 67 ఉండేలా చూసుకుంటారు. మైనస్ 80 దాటితే గొంతు మీద ఆశ వదులుకోవచ్చు. మైనస్ 64కీ మైనస్ 84కీ తేడా ఇరవయ్యే కదా అనిపిస్తుంది, కానీ అందే శక్తి వందో వంతు. రెండు కాంక్రీటు గోడలు, ఒక మెట్ల మలుపు చాలు అంత పడిపోవడానికి. నడకలో అది నాలుగైదు సెకన్ల పని.

మరి ఫోన్ ఎందుకు వదలదు? మొదటి కారణం మంచిదే. సరిహద్దులో నిలబడ్డవాడి ఫోన్ సిగ్నల్ కాస్త తగ్గగానే మొబైల్‌కి, పెరగగానే వైఫైకి దూకితే నిమిషానికి పదిసార్లు అటూ ఇటూ గెంతుతుంది. గెంతిన ప్రతిసారీ కనెక్షన్లు తెగుతాయి, బ్యాటరీ ఖర్చవుతుంది. అందుకని కావాలనే కాస్త బద్ధకం పెడతారు: ఇంత తగ్గాలి, ఇంతసేపు తగ్గే ఉండాలి, అప్పుడే కదులు అని. కుర్చీలో కూర్చున్నవాడికి ఆ బద్ధకం వరం, మెట్లు దిగేవాడికి శాపం. ఫోన్ ఇద్దరికీ ఒకే రూలు పెడుతుంది. రెండో కారణం అలవాటు. మొబైల్ డేటా ఖరీదైనది, వైఫై ఉచితం అన్న కాలంలో పుట్టిన తర్కం ఇది. వీలైనంతసేపు వైఫై మీదే ఉండమని నేర్పించారు.

మూడోది చాలామందికి తెలియదు. మీకు రూటర్ వినబడుతుంది, రూటర్‌కి మీరు వినబడరు. రూటర్ కరెంటు మీద నడుస్తుంది, గట్టిగా అరవగలదు. ఫోన్‌కి చిన్న బ్యాటరీ, చిన్న యాంటెన్నా. గేటు దగ్గర రూటర్ మాట ఫోన్‌కి అందుతూనే ఉంటుంది, తెర మీద ఒకటో రెండో గీతలు కనబడుతుంటాయి. ఫోన్ జవాబు మాత్రం రూటర్‌దాకా పోదు. గీతలు చూపించేది వచ్చే సిగ్నల్‌ని, పోయేదాన్ని కాదు. అందుకే 'సిగ్నల్ ఉంది కానీ నెట్ లేదు' అనే వింత స్థితి వస్తుంది. దీని పరిష్కారంగా చాలామంది ఇంకా పవర్‌ఫుల్ రూటర్ కొంటారు. దాంతో ఆ అరుపు ఇంకో పది మీటర్లు ముందుకు వినబడుతుంది, ఫోన్ ఇంకో పది మీటర్లు వేలాడుతుంది. ఒక ఆఫీసులో ఇదే ఫిర్యాదు వస్తే మేము చేసింది దానికి తలకిందులు. ప్రవేశ ద్వారం దగ్గరున్న పరికరం పవర్ తగ్గించాం, దూరంలో ఉన్న ఫోన్లు పట్టుకుని వేలాడే బాగా తక్కువ స్పీడ్ రేట్లను ఆపేశాం. ఫిర్యాదులు దాదాపు ఆగిపోయాయి. మీ రూటర్‌లో పవర్ తగ్గించే వీలుంటే ఒకసారి ప్రయత్నించండి. ఇంటి మూలమూలకీ ఒకే రూటర్ మీద ఆధారపడ్డవాళ్లు మాత్రం జోలికి పోకండి.

ఇక్కడ ఒకరు తప్పకుండా అడుగుతారు: కారులో గంటకి 80 కిలోమీటర్ల వేగంతో పోతూ టవర్ నుంచి టవర్‌కి మారుతున్నా కాల్ తెగదు, నడిచి గేటు దాటితే తెగుతుందా అని. సరైన ప్రశ్నే. టవర్ల మధ్య మారేటప్పుడు నిర్ణయం ఫోన్‌ది కాదు, నెట్‌వర్క్‌ది. చుట్టుపక్కల టవర్లు ఎంత బలంగా వినబడుతున్నాయో ఫోన్ కొలిచి చెబుతూ ఉంటుంది. నెట్‌వర్క్ ముందుగానే కొత్త టవర్‌లో చోటు సిద్ధం చేసి, ఇప్పుడు అటు మారు అని ఆజ్ఞ ఇస్తుంది. పైగా ఫోన్ ఐపీ అడ్రస్, అంటే ఇంటర్నెట్‌లో దాని చిరునామా, టవర్‌లో ఉండదు, ఆపరేటర్ లోపలి నెట్‌వర్క్‌లో ఉంటుంది. టవర్ మారినా అడ్రస్ మారదు. వైఫై, మొబైల్ విషయంలో యజమానులు ఇద్దరు. ఒకరి ఊసు ఇంకొకరికి తెలియదు, పైన ఆజ్ఞ ఇచ్చేవాడు లేడు. నిర్ణయమంతా ఫోన్ నెత్తినే, అదీ ఊహ మీద. అడ్రసూ మారిపోతుంది.

ఈ అడ్రస్ మారడం గురించి కాస్త చెప్పాలి, సమస్యలో రెండో సగం ఇదే. ఇంటర్నెట్‌లో పాతకాలం నుంచీ ఉన్న టీసీపీ అనే డేటా పంపే పద్ధతిలో కనెక్షన్‌ని గుర్తుపట్టేది నాలుగు అంకెలతో: మీ ఐపీ అడ్రస్, మీ పోర్ట్ (ఏ యాప్ కనెక్షనో చెప్పే సంఖ్య), అవతలివాళ్ల ఐపీ అడ్రస్, వాళ్ల పోర్ట్. నాలుగింట్లో ఒకటి మారినా అది వేరే కనెక్షన్. మీరు వైఫై నుంచి మొబైల్‌కి దూకగానే మీ అడ్రస్ మారుతుంది, పాతది తెగిపోతుంది. ఇబ్బంది ఏంటంటే, తెగిందని అవతలి సర్వర్‌కి ఎవరూ చెప్పరు. మీకు పంపాల్సింది ఏమైనా మిగిలి ఉంటే పంపి, జవాబు రాక, ఇంకాస్త ఆగి మళ్లీ పంపి, అలా విరామం పెంచుకుంటూ పోతుంది. సర్వర్లలో ఎక్కువగా వాడే లినక్స్‌లో మామూలు సెట్టింగ్ ప్రకారం పదిహేనుసార్లు ప్రయత్నించి వదిలేసేసరికి దాదాపు 15 నిమిషాలు పడుతుంది. మీరు గేటు దాటి, బస్సెక్కి, దిగిపోయినా సర్వర్ ఇంకా మీ పాత అడ్రస్‌కే పిలుస్తూ ఉండొచ్చు.

వీడియో ఎందుకు బతుకుతుందో ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. వీడియో యాప్ కొన్ని సెకన్ల ముక్కలుగా దించుకుంటుంది, తెర మీద నడుస్తున్నదానికంటే ఎంతో ముందు దాకా దాచి పెట్టుకుంటుంది. కనెక్షన్ తెగితే తర్వాతి ముక్కని కొత్త కనెక్షన్‌తో మళ్లీ అడుగుతుంది. ఈలోపు దాచినది నడుస్తూనే ఉంటుంది. అంటే వీడియో కూడా తెగుతోంది, మీకు తెలియడం లేదంతే. కాల్‌కి ఆ వెసులుబాటు లేదు. అవతలివాళ్లు ఇంకా పలకని మాటని ముందే దించుకోలేం కదా. గొంతుని సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలు చేసి, సెకనుకి 50 పంపుతారు. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లలోపు ఉంటేనే సంభాషణ సహజంగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ప్రమాణం. దాచుకోవడానికి చోటెక్కడిది?

దీనికి పరిష్కారాలు లేవా అంటే, ముప్పై ఏళ్ల నుంచి ఉన్నాయి! 1996లోనే మొబైల్ ఐపీ అని ఒక ప్రమాణం వచ్చింది. మీకు ఒక శాశ్వత అడ్రస్ ఉంటుంది, దానికి వచ్చినవాటిని 'హోమ్ ఏజెంట్' అనే యంత్రం మీరెక్కడుంటే అక్కడికి మళ్లిస్తుంది. ఆలోచన చక్కనిది. కానీ ఆ యంత్రాన్ని ఎవరు నడపాలి, పక్కవీధికి పోవాల్సిన ప్యాకెట్ అంత దూరం ఎందుకు తిరిగి రావాలి అన్న చోట ఆగిపోయింది. మామూలు ఫోన్లలో దాన్ని వాడినవాళ్లు నాకు తారసపడలేదు.

పనికొచ్చినవి తర్వాత వచ్చాయి. ఒకటి మల్టీపాత్ టీసీపీ. ఒకే కనెక్షన్‌ని వైఫై మీదా మొబైల్ మీదా ఒకేసారి నడుపుతుంది, ఒక దారి పోతే ఇంకో దారి ఉంటుంది. యాపిల్ 2013లో ఐఓఎస్ 7తో సిరి కోసం దీన్ని వాడటం మొదలుపెట్టింది. సర్వర్ కూడా ఒప్పుకోవాలి కాబట్టి అన్నిచోట్లా లేదు. రెండోది క్విక్ అనే కొత్త కనెక్షన్ పద్ధతి, 2021లో ప్రమాణమైంది. ఇది కనెక్షన్‌ని అడ్రస్‌తో కాకుండా ఒక గుర్తింపు సంఖ్యతో పట్టుకుంటుంది. అడ్రస్ మారినా కొత్త చోటు నుంచి 'నేనే' అంటే సర్వర్ ఒకసారి పరీక్షించి కొనసాగిస్తుంది. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇదే. అయితే ప్రమాణంలో ఉన్నదంతా ప్రతి యాప్‌లో, ప్రతి సర్వర్‌లో పనిచేస్తుందని అనుకోకండి. సర్వర్ల ముందు పని పంచిపెట్టే యంత్రం ఆ సంఖ్యని పట్టించుకోకపోతే మీ ప్యాకెట్ వేరే సర్వర్‌కి వెళ్తుంది, అది 'నువ్వెవరు' అంటుంది.

కాలింగ్ యాప్‌లది వేరే దారి. చాలావరకు కాల్ మొదట్లో రెండు వైపులా ఎవరెవరికి ఏయే దారులున్నాయో చెప్పుకుని, పరీక్షించి, మంచిది ఎంచుకుంటాయి. నెట్‌వర్క్ మారితే ఆ వెతుకులాట మళ్లీ చేయాలి. బాగా రాసిన యాప్ ఇదంతా ఒకటి రెండు సెకన్లలో ముగిస్తుంది. బద్ధకంగా రాసిన యాప్ పాత దారి పూర్తిగా చచ్చిందని తేలేవరకు కూర్చుంటుంది. అందుకే ఒకే ఫోన్, ఒకే గేటు, రెండు యాప్‌లు పెడితే రెండు రకాల ఫలితం వస్తుంది. మీరు కూడా ఇంకో యాప్‌తో అదే దారిలో నడిచి చూడండి, తప్పులో యాప్ వాటా ఎంతో బయటపడుతుంది.

బయటికి నడుస్తూ మాట్లాడే అవసరం రోజూ ఉంటే మామూలు ఫోన్ కాలే వాడండి, వైఫై కాలింగ్ ఆన్ చేసి. యాప్ కాల్ వేరు, ఇది వేరు. వైఫై కాలింగ్‌లో ఫోన్ మీ వైఫై గుండా ఆపరేటర్ లోపలి నెట్‌వర్క్‌దాకా ఒక రహస్య సొరంగం వేసుకుంటుంది. కాల్‌కి ఆధారం ఆ ఆపరేటర్ నెట్‌వర్క్‌లోనే ఉంటుంది కాబట్టి బయటికొచ్చి 4జీకి మారినా అడ్రస్ మారకుండా కొనసాగించగలరు. ఇందులో మెలిక ఒకటుంది: బయట వోల్టే, అంటే 4జీ మీద కాల్ నడిచే ఏర్పాటు, ఉండాలి. బయట దొరికేది 2జీ, 3జీ మాత్రమే అయితే సాధారణంగా కాల్ తెగుతుంది.

ఇక సెట్టింగులు. ఆండ్రాయిడ్‌లో డెవలపర్ ఆప్షన్స్ అనే దాచి ఉంచిన సెట్టింగుల జాబితాలో 'మొబైల్ డేటా ఆల్వేస్ యాక్టివ్' అని ఉంటుంది. వైఫై మీద ఉన్నా మొబైల్ డేటాని సిద్ధంగా ఉంచుతుంది, మారేటప్పుడు మొదటినుంచి లేపాల్సిన పని ఉండదు. ఈమధ్య చాలా ఫోన్లలో అది ముందే ఆన్‌లో ఉంటుంది, బ్యాటరీ కోసం ఎవరో చెప్పారని ఆపేసినవాళ్లు మళ్లీ ఆన్ చేసుకోండి. ఐఫోన్‌లో 'వైఫై అసిస్ట్' ఉంది, 2015లో ఐఓఎస్ 9తో వచ్చింది. వైఫై బలహీనమైతే మొబైల్ డేటా తీసుకుంటుంది. రోమింగ్‌లో ఉంటే పనిచేయదు, ఆడియో వీడియో నడిపే కొన్ని బయటి యాప్‌లకీ వర్తించదు. కాబట్టి మీ కాల్ సమస్యని అదొక్కటే తీర్చేస్తుందని నేను చెప్పను. డేటా పరిమితి తక్కువ ఉన్నవాళ్లు నెలాఖరులో ఒకసారి లెక్క చూసుకోవడం మంచిది.

ఎదురు దిశ, అంటే బయటినుంచి లోపలికి రావడం, ఇంత బాధ పెట్టదు. ఆండ్రాయిడ్ వైఫైకి మారాక కూడా మొబైల్ కనెక్షన్‌ని వెంటనే తెంచదు, మామూలుగా 30 సెకన్లు అలాగే ఉంచుతుంది. పాత పని ముగించుకోవడానికి గడువన్నమాట. లోపలికొచ్చేటప్పుడు దెబ్బ కొట్టేది లాగిన్ పేజీ అడిగే పబ్లిక్ వైఫై. ఫోన్ ఒక చిన్న పేజీ అడిగి సరైన జవాబు వస్తేనే ఆ నెట్‌వర్క్‌ని నమ్ముతుంది. ఎప్పుడో ఒకసారి ఎక్కిన అలాంటి నెట్‌వర్క్‌లు మీ ఫోన్‌లో దాచి ఉంటే తీసేయండి, దారిలో అనవసరంగా తగులుకుంటాయి.

వీపీఎన్, అంటే ఫోన్ డేటానంతా ఒక రహస్య సొరంగం గుండా పంపే ఏర్పాటు, వాడేవాళ్లకు ఒక మాట. మీ వీపీఎన్ వాడే పద్ధతి వైర్‌గార్డ్ కానీ, మోబైక్ (అడ్రస్ మార్పుని తట్టుకునే ఏర్పాటు) ఉన్న ఐకేఈవీ2 కానీ అయితే బయటి అడ్రస్ మారినా లోపలి అడ్రస్ అలాగే ఉంటుంది, లోపల నడిచే యాప్‌లకి మార్పు తెలియదు. వైఫైని ఆలస్యంగా వదిలే సమస్య మాత్రం దీనితో పోదు.

ఈ జవాబు యాప్ రాసేవాళ్లు కూడా చదువుతుంటే, రెండే మాటలు. టైమ్‌అవుట్ కోసం, అంటే పాత దారి గడువు తీరేదాకా, కూర్చోకండి. నెట్‌వర్క్ మారిందని సిస్టమ్ చెప్పిన క్షణమే, వీలైతే వైఫై బలహీనపడుతున్నప్పుడే, కొత్త దారి వెతకడం మొదలుపెట్టండి. లాగిన్‌ని ఐపీ అడ్రస్‌కి ముడిపెట్టకండి. భద్రత కోసమని అలా ముడిపెట్టిన ఒక యాప్‌ని మేము పరీక్షించాం. వాడేవాళ్లు గేటు దాటిన ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేది. ఫిర్యాదుల్లో అందరూ 'సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు యాప్ పాడవుతోంది' అని రాశారు. సాయంత్రానికి సర్వర్ లోడ్ పెరుగుతోందేమోనని అక్కడ మూడు వారాలు వెతికారు.

చివరిగా, మీరు ఇవాళే చేయగలిగిన పరీక్ష. లోపలే వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద కాల్ కలిపి, అదే మెట్లు, అదే గేటు, అదే వేగంతో నడవండి. అంకెలు చదవండి, అవతలివాళ్లని రాసుకోమనండి. ఒక్కటీ పోకపోతే మీ సమస్య నేను పైన చెప్పినదే. అదే చోట మళ్లీ అంకెలు పోతే మాత్రం ఇది మార్పిడి గొడవ కాదు, ఆ మెట్ల దగ్గర మొబైల్ సిగ్నలే అందడం లేదు. అప్పుడు ఏ అంకె దగ్గర మొదలై ఏ అంకె దగ్గర ఆగిందో ఇక్కడ రాయండి, చూద్దాం.